‘మీ బలహీనతలు’ అనే గడి గారికి

మహారాజశ్రీ సెల్ఫ్ అప్రైజల్ ఫారం, నాలుగో పేజీలోని ‘నాయకుడిగా మీ బలహీనతలు’ అనే గడి గారి దివ్యసముఖమునకు,

బెంగళూరు, మారతహళ్లి నుంచి తొమ్మిది మంది టీముకి లీడునైన మీ విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలమే. నా సంగతి నిన్న సాయంత్రం రేటింగ్ మీటింగులో తేలిపోయింది. బెళ్లందూరు దగ్గర గంటన్నర ట్రాఫిక్‌లో నిలబడి వెళ్లి మరీ తెచ్చుకున్నాను. ఐదుకి మూడు.

మూడు వచ్చిందని కాదు ఈ ఉత్తరం. మూడు ఎవరికి రాదు? ఇంతమందికే ఎక్కువ, మిగతావాళ్లకి తక్కువ అని రేటింగులు ముందే పంచేసే బెల్ కర్వ్ గంట మా నెత్తిన మోగడం కొత్త కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్లే 2013లో ఆ గంట దించేశారు, మా దగ్గర ఇంకా మోగుతూనే ఉంది. మీ పక్కింటి ‘బలాలు’ గడి మీద కూడా నాకు పెద్ద కోపం లేదు. సముద్రం ఒడ్డున హనుమంతుణ్ణి కూర్చోబెట్టి, నీ బలాలు రెండు వందల అక్షరాలకు తగ్గకుండా రాయమంటే ఆయన మాత్రం ఏం రాసేవాడు? జాంబవంతుడు చెప్పేదాకా తనకే గుర్తు లేదాయె. మా ఆఫీసులో జాంబవంతులు లేరు కాబట్టి ‘టీమ్ ప్లేయర్’, ‘ప్రోయాక్టివ్’ అని నేనే రాసుకున్నాను. పోయినేడాదివే, కాపీ పేస్టు.

గొడవంతా మీతోనే.

మార్చిలో ఒక ట్రైనర్ గారు వచ్చి బోర్డు మీద నాలుగు గళ్లు గీసి ‘జోహారి విండో’ అన్నారు. ఎవరికో జోహార్లు అర్పిస్తున్నారేమో అనుకున్నాను. కాదట. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు గీసిన బొమ్మట, జో, హ్యారీ కలిస్తే జోహారి అయిందట. అందులో ఒక గడిలో, అందరికీ కనిపించి మనకి మాత్రం కనపడని మన లోపం ఉంటుంది. గురివింద గింజ తన నలుపెరగదని మా అమ్మమ్మ ఏ బోర్డూ లేకుండానే చెప్పేది. సరే, చివర్లో ఆయన అన్నమాట: “నిజాయితీగా రాయండి. ఇది మీ ఎదుగుదల కోసమే. రేటింగుకీ దీనికీ సంబంధం లేదు.”

నమ్మాను. పదమూడేళ్ల సర్వీసు పెట్టుకుని కూడా నమ్మాను.

శనివారం మధ్యాహ్నమంతా మీ ముందే కూర్చున్నాను. నా వీక్‌నెస్ ఏంటంటావని మా ఆవిణ్ణి అడిగితే, “అందులో ఎన్ని అక్షరాలు పడతాయి?” అంది. పక్క ఫ్లాట్ మిత్రుడు “పర్ఫెక్షనిస్ట్ అని కొట్టి పడుకో మామా” అన్నాడు. వినలేదు. పైవాళ్లకి ‘కుదరదు’ అని చెప్పలేనని రాశాను. శుక్రవారానికి కావాలని క్లయింటు అనడం, మేనేజర్ నా వైపు చూడటం, నా నోట్లోంచి ‘అయిపోతుంది సార్’ అని ఊడిపడటం. అది అయ్యేది నాతో కాదు, నా కింద కుర్రాళ్లతో.

ఉదాహరణ కూడా అడిగారు కదా తమరు, అదీ రాశాను. మా గుంటూరు కుర్రాడు సంక్రాంతికని అరవై రోజుల ముందే, పొద్దున్న ఎనిమిది కొట్టేసరికి లాగిన్ అయి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు పట్టుకున్నాడు. భోగికి రెండ్రోజుల ముందు నేనన్న ఒక్క ‘అయిపోతుంది సార్’కి ఆ టికెట్ క్యాన్సిలైంది. భోగి మంట వాళ్లమ్మ వీడియో కాల్‌లో చూపిస్తే, మీటింగ్ రూములో కూర్చుని చూశాడు.

రాయడం పూర్తయ్యేసరికి మీ సెషన్ ఎక్స్‌పైర్ అయింది. మళ్లీ రాశాను. అబద్ధమైతే రెండోసారి వేరేగా వచ్చేదేమో, అక్షరం తేడా లేకుండా వచ్చింది.

నిన్న మేనేజర్ గారు దాన్నే తెరిచి, “నువ్వే ఒప్పుకున్నావుగా, ప్లానింగ్ వీక్ అని. మూడు కంటే ఎలా ఇస్తాను?” అన్నారు. నేను కుదరదని చెప్పలేనిది ఎవరికో ఆయనకి తట్టనే లేదు. “అంతేగా?” అన్నారు. ‘అంతే సార్’ అన్నాను.

కురుక్షేత్రంలో అర్జునుడు ధర్మరాజు మీద కత్తి దూస్తే, కృష్ణుడు ఒక ఉపాయం చెప్పాడు. పెద్దవాణ్ణి ‘నువ్వు’ అంటే చంపినట్టే, అనేసి ఊరుకో అని. అన్నాక సిగ్గుతో తన మీదే కత్తి దూసుకుంటే, నిన్ను నువ్వు పొగుడుకో, చచ్చినంత పని అన్నాడు. ఆ రెండోది మీ పక్క గడిలో చేసేశాను. మొదటిది ఇప్పుడు చేస్తున్నాను.

నువ్వు ద్రోహివి. అద్దమని ముఖం చూపిస్తే, స్టేషన్లో వాంగ్మూలంలా సంతకం పెట్టించుకున్నావు. ‘మీ ఎదుగుదల కోసమే’ అని నీ నెత్తిన ఇంకా రాసే ఉంది, సిగ్గు లేకపోతే సరి. పక్క టీము లీడు తన బలహీనత పనంటే మరీ పిచ్చి ఉండటమేనని రాశాడు. వాడికి నాలుగిచ్చావు! మేనేజర్ గారి ఫారంలో కూడా నువ్వుంటావు కదా. ఆయన నీలో ఏం రాశారో ఒక్కసారి నాకు చూపించు, నీ కాళ్లు మొక్కుతాను.

అయినా ఒకటి. నువ్వు అడగబట్టే ఆ టికెట్ సంగతి నా వేళ్ల మీదికొచ్చింది. ఆ కుర్రాడితో మాత్రం ఒక్క మాటా అనలేదు ఇన్నాళ్లూ. రాత్రి ఫోన్ చేశాను.

“సంక్రాంతికి నువ్వు వెళ్లలేకపోయింది నా వల్లే రా.”

“పర్లేదన్నా. అమ్మ అరిసెలు బస్సులో పంపిందిగా.” కాసేపాగాడు. “అన్నా, జూలై సైకిల్‌కి నా ఫారం ఓపెనైంది. వీక్‌నెస్ దగ్గర ఏం రాయమంటారు?”

నిజాయితీగా రాయి అందామని నోరు తెరిచాను.

“పర్ఫెక్షనిస్ట్ అని రాయి” అన్నాను.

ఇట్లు,
నీ ‘అయిపోతుంది సార్’