సవరణ: బీసీడీకి టీషర్టు సైజు కొలత కాదు

స్కూబా డైవింగ్‌లో గాలి నింపుతూ, వదులుతూ తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్టే బీసీడీ. దాన్ని టీషర్టు సైజును బట్టి తీసుకోండని, అనుమానం ఉంటే ఒక సైజు పెద్దదే మేలని ఇంతకుముందు రాశాను. రెండూ తప్పే. అది నమ్మి కొనబోతున్నవాళ్లు దయచేసి ఆగండి.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో నేనే ఒక సైజు పెద్దది వేసుకుని దిగాను. అడుగున ఈదుతుంటే వీపు మీద సిలిండర్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరిగిపోయేది. పైకొచ్చి గాలి నింపగానే జాకెట్ చెవుల దాకా లేచి, గడ్డం అందులో కూరుకుపోయింది. అలలు ముఖానికి కొడుతుంటే భలే టెన్షన్ పడ్డాను.

సరైన పద్ధతి ఇది. మీరు డైవ్ చేసే వెట్‌సూట్ (నీటిలో చలి తగ్గించే రబ్బరు లాంటి సూట్) వేసుకుని, దాని మీదే బీసీడీ తొడగండి. 5 మిల్లీమీటర్ల మందమున్న సూట్‌కు సరిపోయింది పల్చటి సూట్ మీద వదులు కావచ్చు. బకిల్స్ అన్నీ పెట్టి, వాల్వ్ నుంచి గాలి బుస్సుమని బయటికొచ్చేదాకా నింపండి. అప్పుడు నిండుగా ఊపిరి తీయండి. ఛాతీ బిగిస్తే అది చిన్నది. గాలి తీసేశాక భుజాల దగ్గర ఎవరినైనా పైకి లాగమనండి. రెండంగుళాలు దాటి లేస్తే పెద్దది.

పెద్ద సైజులో లిఫ్ట్ (మనల్ని పైకి తేల్చే శక్తి) ఎక్కువ కాబట్టి భద్రమని అప్పుడు అన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. మామూలు 11 లీటర్ల సిలిండర్‌లో నిండుగా ఉండే గాలి బరువు సుమారు 2.5 కిలోలే. ఆ బరువుకూ, లోతులో సూట్ నలిగి తగ్గిపోయే తేలే గుణానికీ సరిపడి, నీటిపైన తల బయట ఉంచేంత లిఫ్ట్ ఉంటే చాలు.