పాత కారైతే థర్డ్ పార్టీ ఒక్కటే చాలా?

కారు, ఇంటి బీమాల మీద వచ్చిన వ్యాసంలో పాత కారుకి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే చాలని రాశారు. చలానా పడకుండా ఉండటానికి చాలు, అంతే. అది మీ కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే, మీ బండికి రూపాయి రాదు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా, అప్పుడు అక్కరకొచ్చేది ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) కూడా కలిసిన కాంప్రహెన్సివ్ పాలసీనే. అందులోనూ మెలిక ఉంది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోతుంది, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ (అదనంగా కొనే కవర్) లేకపోతే ఆ బిల్లు మామూలుగా మనమే కట్టుకోవాలి (కాబట్టి తాళం ముట్టుకోకుండా టోయింగ్ చేయించండి). జీరో డెప్ (అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే యాడ్ఆన్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం కోత.

ఇంటి బీమాకి మాత్రం రెండే లైన్లు రాశారు, అదేం న్యాయమండీ! 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన స్టాండర్డ్ పాలసీ ఉంది, అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం అన్నీ అందులోకే వస్తాయి. లెక్క వేసేది తిరిగి కట్టడానికయ్యే ఖర్చు మీద, స్థలం రేటు మీద కాదు, అందుకే ప్రీమియం మనం భయపడేంత ఉండదు. ఇంటికి తీసుకుంటే సామాన్లకి ఆ ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతటదే వస్తుంది. నగలకి విడిగా తీసుకోవాలి. మామూలు దొంగతనం కూడా ఇందులో రాదు. అద్దెకుండేవాళ్లు సామాన్లకి మాత్రమే తీసుకోవచ్చు, ఏజెంట్లు ఈ ముక్క ఎందుకో చెప్పరు.