మొదటి రోజు ఒక్క తూటా చాలు

టార్గెట్ షూటింగ్ నేర్పే ప్రతిచోటా అవే నాలుగు నియమాలు వినిపిస్తాయి. ఏ తుపాకీ పట్టుకున్నా అందులో తూటా ఉందనే అనుకోవాలి. పాడైపోతే ఫర్వాలేదు అనుకున్నదాని వైపు తప్ప దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. కొట్టబోయేది ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. వీటిని ఒకసారి అప్పజెప్పించుకుని, కొత్తవారి చేతికి నిండు మ్యాగజైన్‌తో (తూటాలు పెట్టే డబ్బీతో) పిస్టల్ ఇచ్చేస్తున్నారు. నా అభ్యంతరం ఇక్కడే. నియమాలు గుర్తుపెట్టుకునేది మెదడు. మొదటి తూటా పేలిన క్షణంలో మెదడు పని చేయదు, ఒళ్లు పని చేస్తుంది.

ఆ క్షణంలో ఏం జరుగుతుందో చూడండి. చప్పుడుకి కళ్లు మూసుకుంటాయి, భుజాలు బిగుసుకుంటాయి. పిస్టల్ పైకి లేచి పట్టు జారుతుంది. జారిన పట్టుని బిగించుకోవడానికి అయిదు వేళ్లూ ఒకేసారి ముడుచుకుంటాయి, వాటిలో ట్రిగ్గర్ మీదున్న వేలు కూడా ఉంటుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అప్పటికే ఖాళీ తొడుగుని బయటికి విసిరేసి రెండో తూటాని చాంబర్‌లోకి, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటికి, ఎక్కించేసి ఉంటుంది. ముడుచుకున్న వేలు దాన్ని కూడా పేల్చేస్తుంది. అది కప్పువైపు పోవచ్చు, ఇంకెటైనా పోవచ్చు. ఇంకో రకం మరీ మామూలుగా కనిపిస్తుంది. గురి తగిలిన సంబరంలో "చూశారా!" అంటూ వెనక్కి తిరుగుతారు, చేతిలో పిస్టల్ కూడా వాళ్లతో పాటే తిరుగుతుంది. ఎగిరొచ్చిన వేడి తొడుగు కాలర్‌లో పడితే ఎవరైనా గంతులేస్తారు.

తుపాకీలో ఒకే తూటా ఉంటే ఇవన్నీ ఖాళీ తుపాకీతో జరిగిన తప్పులుగా మిగులుతాయి, దిద్దుకోవచ్చు. మ్యాగజైన్‌లో ఒక్కటే పెట్టి ఎక్కించండి. పేలాక చాలా పిస్టళ్లలో స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఖాళీ అయిందని రేంజ్‌లో, అంటే కాల్చడం సాధన చేసే చోట, అందరికీ కంటితోనే కనిపిస్తుంది. అలా విడివిడిగా కనీసం పది తూటాలు కాల్చాక, ప్రతిసారీ వేలు దానంతట అదే ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీ) బయటికి వస్తుంటే, అప్పుడు రెండు ఇవ్వండి.

2014 ఆగస్టులో అమెరికాలోని అరిజోనాలో ఒక రేంజ్‌లో 9 ఏళ్ల పాప చేతికి ఊజీ అనే సబ్‌మెషీన్ గన్ ఇచ్చారు. ముందు ఒక్క షాట్ కాల్పించారు, బాగానే కాల్చింది. వెంటనే ఆటోమేటిక్‌కి, అంటే వేలు నొక్కి ఉంచితే వరసగా పేలేలా, మార్చారు. తుపాకీ ఎడమవైపుకీ పైకీ ఎగిరిపోయి, పక్కనే నిలబడ్డ శిక్షకుడి ప్రాణం తీసింది. మొదటి షాట్‌కీ రెండో మెట్టుకీ మధ్య ఎంత తొందరపడ్డారో అదే అక్కడ జరిగిన తప్పు. ఆ పాపకి ఆ తుపాకీ బరువూ తన్నూ ఆపే బలం లేదు. ఆ సంగతి తెలియాల్సింది పెద్దవాళ్లకి.

అందుకే ఏ తుపాకీతో మొదలుపెట్టాలన్నది నేర్పేవారి గొప్ప కోసం తేల్చే విషయం కాదు. మొదట 10 మీటర్ల దూరానికి 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న గుండు) గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ రైఫిల్, ఆ తర్వాత చిన్న తూటా కాల్చే పాయింట్ టూ టూ రైఫిల్. పిస్టల్ మూడోది. పొట్టి గొట్టం మణికట్టు కాస్త తిరిగితే చాలు మనిషివైపు తిరిగిపోతుంది, పొడవాటి రైఫిల్ కదిలితే అందరికీ తెలుస్తుంది. చిన్న పిస్టల్ చేతికి తేలిగ్గా ఉందని కొత్తవారికి ఇవ్వడం ఇంకో పొరపాటు. ఒకే తూటాకి తేలికైన తుపాకీయే గట్టిగా తంతుంది. పాయింట్ టూ టూ రైఫిల్ చప్పుడు చిన్నదే అనిపించినా దాదాపు 140 డెసిబెల్స్ ఉంటుంది. చెవిలో ప్లగ్, పైన చెవుల్ని కప్పే మఫ్ రెండూ ఉండాలి. అవి పెట్టాక పాఠం వినపడదు కాబట్టి చెప్పాల్సిందంతా ముందే చెప్పేయాలి, లైన్ మీద "ఆపు" లాంటి చిన్న మాటలే మిగలాలి. నేర్పేవారు తాము కాల్చకూడదు. కాల్చే చేతివైపు అరడుగు వెనక, చేయి అందేంత దగ్గర్లో నిలబడాలి.

ఒక్కో తూటాతో విసుగొస్తుందని, నిండు మ్యాగజైన్ ఇస్తేనే ధైర్యం వస్తుందని వాదించేవారున్నారు. సేఫ్టీ మీట ఉందిగా అంటారు. కాల్చడానికి సిద్ధమైనప్పుడు ఆ మీట తీసే ఉంటుంది, ప్రమాదం వచ్చేది సరిగ్గా అప్పుడే. విసుగు మాటకొస్తే, పది నిమిషాల విసుగు ఎవరినీ గాయపరచలేదు.

ఈ ఉదాసీనత మన భాషలోనే ఉంది. వార్తల్లో "తుపాకీ మిస్‌ఫైర్ అయ్యింది" అని రాస్తాం. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. అనుకోకుండా పేలినదానికి ఆ పేరు పెట్టి అర్థాన్ని తలకిందులు చేశాం. "పేలింది" అనే క్రియ ఇంకా అన్యాయం. "పేల్చాడు" అంటే ఒక మనిషి, ఒక వేలు కనిపిస్తాయి. "పేలింది" అనగానే వేలు మాయమై తుపాకీ ఒక్కటే మిగులుతుంది. అరిగిపోయిన భాగాలతో, కింద పడిన పాత తుపాకీలతో అరుదుగా అలా జరిగే మాట నిజమే. మిగతా చోట్ల ట్రిగ్గర్ మీద ఒక వేలుంది, ఆ వేలికి నేర్పినవారున్నారు. విలేకరులు ఈ రెండు క్రియల తేడా పాటించాలని గట్టిగా కోరుతున్నాను.

మాట తప్పైతే పని కూడా తప్పుతుంది. అసలైన మిస్‌ఫైర్ ఎదురైతే కొత్తవారు ఏం చేస్తారు? "టిక్" అని ఊరుకుంటే తుపాకీని పక్కకి తిప్పి చూస్తారు. లోపల మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు లెక్కపెట్టాలి. తర్వాత ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. వరుస తారుమారైతే చాంబర్‌లోది బయటపడి మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కుతుంది, ఖాళీ అయిందనుకున్న తుపాకీలో తూటా ఉండిపోతుంది. "తుప్" మని నీరసంగా పేలిందంటే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు, వెనకే రెండోది కాల్చితే గొట్టం చీలుతుంది. ఒక్క తూటా పద్ధతిలో ఆ రెండోది లోపల ఉండనే ఉండదు.

ఇదంతా నేర్పడానికి డమ్మీ తూటాలు, అంటే మందు లేని పేలని తూటాలు, ఉన్నాయి. నాలుగైదు అసలు తూటాల తర్వాత, చెప్పకుండా ఒక డమ్మీ పెట్టి ఇవ్వండి. "టిక్" అన్నప్పుడు గొట్టం కిందికి ముక్కు వంచిందా, పక్కకి తిరిగిందా, టార్గెట్ వైపే నిలిచిందా చూడండి. మ్యాగజైన్‌లో రెండో తూటా పెట్టాలో లేదో అక్కడే తెలిసిపోతుంది.