ఎద్దుకైతే పళ్లు చూస్తాం

గద్వాల వైపు జాతరల్లో బండలాగుడు పోటీ పెడితే ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా తేల్చాకే దాన్ని ఏ విభాగంలో కట్టాలో, ఎంత బండ లాగించాలో నిర్ణయిస్తారు. ఎద్దు యజమాని ఎంత పెద్దమనిషైనా ఈ లెక్క తప్పదు. అదే పాలమూరు పల్లెల్లో, నల్లగొండ పల్లెల్లో సంక్రాంతి కబడ్డీ దగ్గరికొచ్చేసరికి మనిషి వయసు అడిగేవాళ్లుండరు.

పదిహేనేళ్ల కింద జిల్లా జట్టుకు ఆడిన అన్న బరి పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఇప్పుడాయన ఆటో నడుపుతుండొచ్చు, హైదరాబాద్‌లో సెక్యూరిటీ డ్యూటీ చేస్తుండొచ్చు. పండక్కి ఊరికొచ్చాడు. మైకులో పేరు పిలుస్తారు. ‘‘అన్నా, ఒక్క కూత!’’ అని పిల్లలు గోల చేస్తారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి అన్న లేస్తాడు. మొదటి కూతలో ఒకరిని తాకి వస్తే విజిళ్లు. రెండో కూతలో ఇరవై ఏళ్ల కుర్రాడు చీలమండ దొరకబుచ్చుకుంటాడు. పైనుంచి ఇంకో నలుగురు పడతారు. మోకాలు మెలికపడుతుంది. కాస్త నొప్పి స్ప్రే కొట్టి, బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పంపేస్తారు. మర్నాడు ఊరంతా ఫైనల్ గురించి మాట్లాడుకుంటుంటే ఆ ఇంట్లో స్కానింగ్ ఖర్చు గురించి మాట్లాడుకుంటారు.

ప్రపంచ చాంపియన్లకూ ఈ పిలుపును కాదనడం చేతకాలేదు. 1979లో రిటైర్మెంట్ ప్రకటించిన బాక్సర్ మహమ్మద్ అలీ మరుసటి ఏడాది అక్టోబర్ 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ ముందు నిలబడ్డాడు. అలీకి అప్పుడు 38 ఏళ్లు. హోమ్స్ ఒకప్పుడు ఆయన దగ్గరే సాధనలో దెబ్బలు కాచినవాడు. పోటీకి ముందు అమెరికాలోని పేరున్న ఆసుపత్రి మయో క్లినిక్‌లో అలీకి పరీక్షలు జరిగాయి. వేలితో ముక్కు తాకమంటే కాస్త గురి తప్పిందని, గెంతడంలో చురుకు లేదని డాక్టర్లు రాశారు. అయినా లైసెన్స్ వచ్చింది, టికెట్లు అమ్ముడయ్యాయి. పది రౌండ్లయ్యాక ఆయన శిక్షకుడే పోటీ ఆపించాల్సి వచ్చింది. ఆ రాత్రికి అలీ మొండితనాన్ని తప్పుపట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. లైసెన్స్ మీద సంతకం పెట్టినవాళ్లను అడగాల్సినంత గట్టిగా ఎవరూ అడగలేదు.

టెన్నిస్‌లో బ్యోర్న్ బోర్గ్ 1991లో మాంటె కార్లోకు తిరిగొచ్చాడు. ప్రపంచమంతా గ్రాఫైట్ రాకెట్లకు మారిపోయినా ఆయన మాత్రం పాత చెక్క రాకెట్టే తెచ్చుకున్నాడు. తొలి మ్యాచ్‌లోనే ఓడాడు. ఆ పునరాగమనం సాగినన్నాళ్లూ టూర్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. తాను మానేసిన రోజు ఆట ఎక్కడుందో అక్కడే ఆగి తన కోసం చూస్తోందనుకున్నాడో ఏమో!

అలాగని తిరిగొచ్చినవాళ్లందరూ పరువు పోగొట్టుకోలేదు. జార్జ్ ఫోర్‌మన్ 1977లో బాక్సింగ్ వదిలి మత బోధకుడయ్యాడు. పదేళ్ల తర్వాత మళ్లీ రింగెక్కింది ప్రధానంగా తన యువజన కేంద్రం నడపడానికి డబ్బు కావాల్సొచ్చే. 1994 నవంబర్‌లో, 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో పడగొట్టి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అప్పటిదాకా పాయింట్లలో వెనకే ఉన్నాడు. పాత వేగం లేదని తెలిసి, ఒక్క మంచి దెబ్బ కోసం ఓపిక పట్టాడు. టెన్నిస్‌లో మార్టినా నవ్రతిలోవా తిరిగొచ్చి డబుల్స్ ఎంచుకుంది. సగం కోర్టు పార్ట్‌నర్‌కు వదిలి, నెట్ దగ్గర తన అనుభవం వాడుకుంది. 2003లో మన లియాండర్ పేస్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచేనాటికి ఆమెకు 46 ఏళ్లు.

వయసుతో ఒంట్లో ముందుగా తగ్గేది మెరుపు కదలికకు పనికొచ్చే కండ. దమ్ము, అంచనా అంత తొందరగా పోవు. అందుకే కబడ్డీలో కూతకెళ్లే రైడర్ ముందు వెనకబడతాడు, మూలన కాపుకాసే కార్నర్ ఆటగాడు ఇంకొన్నాళ్లు నిలబడతాడు. ధర్మరాజ్ చేరలాథన్ 2016 ప్రో కబడ్డీలో పట్నా పైరేట్స్‌ను విజేతగా నిలిపింది 41 ఏళ్ల వయసులో. ఆయన ఆడేది కార్నర్‌లోనే. మన ఊళ్లలో మాత్రం అన్న ఒకప్పుడు పేరున్న రైడర్ కాబట్టి కూతకే పంపుతాం.

ఫుట్‌బాల్ ఆటగాడు సునీల్ ఛెత్రి విషయం మరోలాంటిది. 2024 జూన్‌లో వీడ్కోలు మ్యాచ్ ఆడి వెళ్లిన మనిషిని 2025 మార్చిలో, 40 ఏళ్ల వయసులో దేశం వెనక్కి పిలిచింది. మాల్దీవులపై గోల్ కొట్టి పిలుపు నిలబెట్టుకున్నాడు. కానీ గోల్ కొట్టేవాడు కరువై పాతవాడిని పిలవాల్సి రావడం మన ఫుట్‌బాల్‌కు గొప్పేం కాదు. క్రికెటర్ అంబటి రాయుడు 2019లో రెండు నెలలు తిరక్కుండానే రిటైర్మెంట్ వెనక్కి తీసుకుంటే నవ్వినవాళ్లున్నారు. మేము నవ్వలేం. చిన్నప్పటి నుంచి ఒక్క పనే నేర్చుకున్నవాడికి ముప్పై అయిదో ఏట ఆ పని లేదంటే పొద్దెలా గడవాలి?

అసలు సంగతి అక్కడుందని మేము అనుకుంటున్నాం. ఒలింపిక్ పతకం గెలిచినవారికి ఆట మానేశాక కేంద్రం నెలకు 20 వేల రూపాయల పింఛన్ ఇస్తోంది. ఆసియా, కామన్వెల్త్ క్రీడల విజేతలకూ ఇదే పథకం కింద అంతకంటే తక్కువ మొత్తం వస్తుంది. జిల్లా జట్టుకో రాష్ట్ర జట్టుకో ఆడి ఆగిపోయినవారికి అందులో చోటు లేదు. వారికి మిగిలిన పింఛన్ ఆ సంక్రాంతి విజిలే. దానికోసం మోకాలు పణం పెడుతుంటే ఆయన్నే తప్పుపడతామా?

దారులు అసలే లేవని కాదు. 2024 ఆగస్టు 29న కేంద్రం ‘రీసెట్’ పేరుతో ఒక కార్యక్రమం తెచ్చింది. ఆట మానేసిన 20 నుంచి 50 ఏళ్లవారికి ఉపాధి శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. రాష్ట్ర స్థాయిలో ఆడినవారూ అర్హులే. ఇంటర్ కూడా పూర్తిచేయనివారికి వేరే కోర్సు ఉంది. పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాల్సిన కాగితం ఇది. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా కింద నడిచే చిన్న శిక్షణ కేంద్రాల్లోనూ మాజీ ఆటగాడే కోచ్‌గా ఉండాలని, ఆ శిక్షణ కేంద్రం నడపడానికి ఏటా 5 లక్షలు ఇవ్వాలని నిబంధన. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట క్రీడాధికారులు తమ జిల్లాలో మాజీ ఆటగాళ్లు ఎవరెవరు, ఎక్కడున్నారు అని ఒక జాబితా రాసుకుంటే సగం పని అయినట్టే.

ఇక పండగ టోర్నమెంట్ల సంగతి. అన్నను ఆడవద్దనే హక్కు మాకు లేదు. ఆయన ఒళ్లు, ఆయన ఇష్టం. కానీ మైకు పట్టుకుని పిలిచేది కమిటీ. షామియానాకు, డీజేకు, కప్పుల మీద ఎమ్మెల్యే పేరు చెక్కించడానికి చందాలు దొరికినప్పుడు బరి పక్కన ప్రథమ చికిత్స పెట్టె ఎందుకు దొరకదు? పెద్ద మ్యాచ్‌లో ఇరవై నిమిషాల చొప్పున ఆడే రెండు భాగాలను నలభై దాటినవారికి పదేసి నిమిషాలకు కుదిస్తే ఎవరి పరువూ పోదు. పాంప్లెట్‌లో ‘సీనియర్ల విభాగం’ అని ఒక లైను చేర్చడానికి, పేర్లు రాసుకునే బల్ల దగ్గర బీపీ మిషన్‌తో ఒక నర్సును కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు డీజే బిల్లులో పదో వంతు కూడా ఉండదు.