సవరణ: వర్క్‌బెంచ్‌కు కొనాల్సిన మాస్ఫెట్‌లు, ట్రాన్సిస్టర్ల గురించి

ఇంట్లో ప్రాజెక్టులు చేసుకునేవాళ్ళు దగ్గర ఉంచుకోవాల్సిన డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఐసీల జాబితా గత పోస్టులో ఇచ్చాను. అందులో "మోటారు, ఎల్‌ఈడీ స్ట్రిప్ లాంటి వాటికి ఐఆర్ఎఫ్540ఎన్ చాలు, ఆర్డునో పిన్ నుంచి నేరుగా నడపొచ్చు" అన్న వాక్యాన్ని తీసేస్తున్నాను. ఐఆర్ఎఫ్540ఎన్ ఒక మాస్ఫెట్, అంటే గేటు అనే కాలికి వోల్టేజీ ఇస్తే కరెంటును పారనిచ్చే, స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్. ఆర్డునో అంటే ప్రోగ్రామ్ చేసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు.

ఐఆర్ఎఫ్540ఎన్ డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) గేటు థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులని ఉంటుంది. అది చూసి ఆర్డునో పిన్ ఇచ్చే 5 వోల్టులు సరిపోతాయనిపిస్తుంది. కానీ థ్రెషోల్డ్ అంటే 250 మైక్రోఆంపియర్లు పారడం మొదలయ్యే గేటు వోల్టేజీ మాత్రమే. డేటాషీట్‌లో కనిపించే 44 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ గేటుకు 10 వోల్టులిచ్చినప్పటి లెక్క. 5 వోల్టులకు సగం తెరుచుకుంటే లోడ్ నడుస్తున్నట్టే కనిపిస్తుంది, మాస్ఫెట్ మాత్రం కాలిపోయేంత వేడెక్కవచ్చు.

5 వోల్టుల బోర్డులకు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అనే మాస్ఫెట్ కొనండి. ఈఎస్‌పీ32 అనే వైఫై కంట్రోలర్ బోర్డు పిన్ ఇచ్చేది 3.3 వోల్టులే కాబట్టి దానికి అదీ నమ్మకం కాదు. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ డేటాషీట్‌లో రెసిస్టెన్స్ విలువలు గేటుకు 4 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి, అంతకంటే తక్కువకు ఇవ్వరు. అక్కడ ఏఓ3400 అనే మాస్ఫెట్ మంచిది, 2.5 వోల్టులకే రెసిస్టెన్స్ విలువ ఇస్తారు. అది చిన్న ఎస్‌ఎండీ భాగం (బోర్డు ఉపరితలం మీదే అతికించేది), సోల్డరింగ్‌కు కాస్త ఓపిక కావాలి.

ఇంకో వివరణ: గత పోస్టులో బీసీ547 ట్రాన్సిస్టర్ బదులు 2ఎన్3904 ట్రాన్సిస్టర్ వాడొచ్చన్నాను. చిన్న పనులకు వాడొచ్చు, కానీ కాళ్ళ వరస తిరగబడుతుంది. చదును వైపు మనకేసి, కాళ్ళు కిందికి పెడితే బీసీ547కు ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండూ ఒకే డబ్బాలో వేయకండి.