రియల్ మాడ్రిడ్ మహారాజావారికి అనంతపురం నుంచి ఒక మొర

శ్రీశ్రీశ్రీ రియల్ మాడ్రిడ్ మహారాజావారి దివ్యసముఖానికి,

అనంతపురం సాయినగర్‌లో మూడో అంతస్తులో అద్దెకుంటున్న ఒక ఫుట్‌బాల్ పిచ్చివాడు, తమరి పాత వైరి బార్సిలోనా క్లబ్బు (ముద్దుగా బార్సా) అభిమాని నమస్కరించి రాసుకునేది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా ఉండకూడదని కోరుకుంటూ వారానికో రాత్రి నిద్ర మానుకుంటున్నాం.

ముందు తమరి పేరు సంగతి. 1920లో స్పెయిన్ రాజు పదమూడో అల్ఫోన్సో తమరికి 'రియల్' అనే బిరుదు ఇచ్చాడనీ, వాళ్ల భాషలో ఆ మాటకు 'రాజుగారిది' అని అర్థమనీ మా మేనల్లుడు చెబుతాడు. (మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటూ తమరి భజన చేస్తుంటాడు. ఈ లేఖలో వాడి పేరు రాసి వాడిని గొప్పవాణ్ణి చెయ్యను.) మా ఊళ్లో రియల్ అంటే ఒకటే అర్థం. హైవే పక్కన శెనక్కాయ పండని చేనులో సున్నంతో గీతలు గీసి, రాళ్లు పాతి, ముందర ఒక ఆర్చి కట్టి చేసే వ్యాపారం. 'ఆయన ఏం చేస్తాడు?' 'రియల్.' అంతే, ఇంకేం అడగరు.

తీరా చూస్తే మా అర్థమే తమరికి సరిగ్గా సరిపోయింది. తమరి ప్రెసిడెంట్ ఫ్లోరెంటినో పెరెజ్‌గారిది కట్టడాల కంపెనీ. 2001లో మాడ్రిడ్ నగరంలోని పాత ప్రాక్టీసు స్థలాన్ని అమ్మి క్లబ్బు అప్పులు తీర్చారు. ఇప్పుడక్కడ ఆకాశాన్నంటే టవర్లు అయిదున్నాయి. ఇంకోపక్క ఏడాదికో పెళ్లి చేసినట్టు స్టార్ ఆటగాళ్లను కొన్నారు: 2000లో ఫిగో, 2001లో జిదాన్, 2002లో రొనాల్డో, 2003లో బెక్‌హామ్. మా వైపు కూడా చేను అమ్ముకున్నవాళ్లు అట్లాగే బుల్లెట్ బండ్లు కొన్నారు. తేడా ఏమిటంటే వాళ్లకు రెండేళ్లలో చేతులు ఖాళీ అయ్యాయి. తమరికి యూరప్‌లోకెల్లా పెద్దదైన ఛాంపియన్స్ లీగ్ కప్పులు పదిహేనయ్యాయి.

నాకు తమరి మీద కోపం ఎట్లా అంటుకుందో చెప్పాలి. అనంతపురం జిల్లాకు స్పెయిన్ వాళ్లు కొత్త కాదు. బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి ఆర్‌డీటీ అనే సేవాసంస్థ మొదలుపెట్టి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆ సంస్థ ద్వారా పిల్లల చదువుకు సాయం చేసే స్పెయిన్ వాళ్లు తాము చదివించే పిల్లలను చూడటానికి పల్లెలకు వస్తుంటారు. నా చిన్నప్పుడు మా ఊరికీ ఒకాయన వచ్చాడు. మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు, చేతిలో సగం తిన్న ఓళిగ. నులకమంచం మీద ఎట్లా కూర్చోవాలో తెలియక ఒక పట్టె మీదే బరువంతా వేసి కూర్చున్నాడు. మేం పిల్లలమంతా చుట్టూ చేరి, వెంట వచ్చిన దుబాసీ అన్నతో అడిగించాం: సార్‌ది ఏ టీమ్? ఆయన ఓళిగ నమలడం ఆపి చాలాసేపు ఏదో చెప్పాడు. అన్న విని విని నవ్వాడు.

"టీమ్ పేరు చెప్పడం లేదప్పా ఈయన. మాడ్రిడ్‌తో ఎవరు ఆడితే ఆ రోజుకి వాళ్లే ఈయన టీమంట."

ఎవరికి మొక్కాలో తెలియకముందే ఎవరిని తిట్టాలో తెలిసిపోయింది నాకు. మొక్కడానికి బార్సాను తర్వాత వెతుక్కున్నా. దానికి పెద్ద లాజిక్ కూడా తయారుచేసుకున్నా. మా జిల్లాకు ఆస్పత్రి, ఇల్లు, బడి ఇచ్చిన మనిషి పుట్టిన ఊరు గదా, ఆ రుణం తీర్చుకోవాలని. మేనల్లుడు దాన్ని ఒక్క ప్రశ్నతో కూల్చాడు. "మామా, 2010లో మనూళ్లో టెన్నిస్ స్కూలు పెట్టించిన నాదల్ ఎవరి ఫ్యాన్?" తమరి భక్తుడే మహారాజా. సొంత బాబాయి మిగెల్ ఏంజెల్ బార్సాకు ఏళ్ల తరబడి ఆడినా సరే, ఆయన తమరి భక్తుడే. ఒకే ఇంట్లో రెండు పార్టీల జెండాలుండటం మా సీమకు తెలియని సంగతి కాదు గనక ఆ చర్చను అక్కడితో వదిలేశా.

ఇక్కడ తమరికి ఎంత మంది శత్రువులున్నారో తమరికి తెలియదు. సప్తగిరి సర్కిల్ దగ్గర సాయంత్రం టీ తాగే మా గుంపులో మామూలుగా ఎవరికీ ఎవరితో పడదు. ఇంగ్లండ్ క్లబ్బుల అభిమానుల్లో మాంచెస్టర్ యునైటెడ్ వాడు లివర్‌పూల్ వాడితో ఒక ప్లేటు ఉగ్గాని కూడా పంచుకోడు. చెల్సీ వాడిని ఇద్దరూ లెక్కచెయ్యరు. తమరి మ్యాచ్ ఉన్న రోజు మాత్రం పెళ్లిలో వియ్యంకుల మాదిరి ఒకరికొకరు టీ గ్లాసులు అందిస్తారు. అందరికంటే పాపం టవర్‌క్లాక్ దగ్గర మొబైల్ కవర్లు అమ్మే అట్లెటికో అభిమాని. అట్లెటికో అంటే తమరి ఊరిదే ఇంకో క్లబ్బు. 2014 మే నెల, రాష్ట్రం విడిపోవడానికి ఇంకా వారం పైచిలుకు ఉంది. లిస్బన్‌లో తమరితో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. అట్లెటికో 1-0తో ముందుంది, గడియారం 92 నిమిషాల 48 సెకన్లు. తమరి రామోస్ తల, బంతి గోల్లో. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యేసరికి తమరిదే గెలుపు, 4-1. ఆ నెలలో జిల్లా అంతా రాజధాని ఎక్కడ వస్తుందని మాట్లాడుకుంటుంటే, వాడొక్కడే ఆ కార్నర్‌ను ఎందుకు సరిగ్గా కాచుకోలేదని మాట్లాడాడు. 2016లో మళ్లీ అదే తమరితో అదే ఫైనల్, ఈసారి పెనాల్టీలు. ఇప్పుడు వాడిని ఆ రెండేళ్ల గురించి ఎవరూ అడగరు. కవర్ కొనడానికి వెళ్లినా ఆ సంగతి ఎత్తరు.

నా అవమానం వాడిదాని ముందు చిన్నదే, కానీ నాది గనక వివరంగా చెబుతా. 2022 మే 4 రాత్రి, అదే ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. రెండు మ్యాచ్‌లూ కలిపి మాంచెస్టర్ సిటీ 5, తమరు 3. ఎనభై తొమ్మిదో నిమిషం. మా ఊళ్లో ఎవరు పోయినా తెల్లారేసరికి సర్కిల్లో ఫ్లెక్సీ లేస్తుంది గదా, ఆ పద్ధతిలోనే నేను ఫోన్లో ఒకటి తయారుచేసి పెట్టుకున్నా. తెల్ల జెర్సీకి గులాబీల దండ, రెండు పక్కలా దీపాలు, పైన 'అశ్రునివాళి', కింద 'కీ.శే. రియల్ మాడ్రిడ్ (1902–2022)', ఇంకా కింద 'ఇట్లు శోకతప్త మిత్రబృందం'. స్టేటస్‌లో పెట్టా. టీవీ ఆపా. ఎంతో కాలానికి హాయిగా నిద్ర పట్టింది.

మూడు గంటలకు ఎవరో భుజం తడుతున్నారు. మేనల్లుడు. అప్పుడు వాడికి పదో తరగతి పరీక్షలు, ఫోన్ మేమే లాక్కున్నాం. వాళ్లవ్వ ఫోన్ దుప్పట్లో పెట్టుకుని చూశాడని తర్వాత తెలిసింది. చేతిలో చెంబు ఉంది.

"మామా, నీళ్లు తాగుతావా?"

"ఎందుకురా ఈ రాత్రి?"

"తాగు మామా. మంచిది."

తొంబయ్యో నిమిషంలో రోడ్రిగో, తొంబై ఒకటిలో మళ్లీ రోడ్రిగో, ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజెమా పెనాల్టీ. ఫ్లెక్సీ కింద మిత్రబృందమంతా శోకతప్తులై పెట్టిన మెసేజ్‌లు లెక్కపెట్టలేదు. తమరి స్టేడియం బెర్నబ్యూలో తొంబై నిమిషాలు చాలా పొడుగని తమరి పాత ఆటగాడు జువానిటో ఇంటర్ మిలాన్ వాళ్లకు ఏనాడో చెప్పాడట. నాకు ఎవరూ చెప్పలేదు. ఆ నెలాఖరుకు తమరు ఆ కప్పు కూడా తీసుకుపోయారు, కీర్తిశేషులై ఉండి.

మా అమ్మ గురించి ఒక మాట. ఒకరోజు టీవీ ముందు కూర్చుని "ఎవరురా ఆ తెల్లచొక్కావాళ్లు, అందరూ లీడర్ల మాదిరి ఉన్నారే" అంది. ఆడుతున్నారమ్మా అన్నా. కాసేపు చూసి, "ఓడిపోతున్నా కంగారు పడటం లేదు చూడు. లోపల ఏదో సెట్ చేసుకున్నారు" అంది. యాభై ఏళ్లు పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఓట్లేసిన మనిషి. తమరి ఆట మీద ఇంతకంటే మంచి విశ్లేషణ నేను వినలేదు.

అయితే వాదనలో మాత్రం నేను గెలవలేకపోతున్నా, అది తమరికి తెలియాలి. 'స్పెయిన్‌ను ఏలిన నియంత ఫ్రాంకో జట్టు' అని మొదలుపెడతా. 1943లో స్పెయిన్ కప్పు సెమీఫైనల్, మొదటి మ్యాచ్‌లో 3-0తో ఓడిన తమరు రెండోదాంట్లో బార్సాను 11-1తో కొట్టారు. దానికి ముందు డ్రెస్సింగ్‌రూమ్‌లోకి అధికారి ఎవరో వచ్చి బెదిరించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఇక్కడ కాస్త గొంతు పెంచుతా. మేనల్లుడు పెంచడు. "మరి 1939లో అంతర్యుద్ధంలో ఫ్రాంకో గెలిచినాక 1953 దాకా మా వాళ్లకు ఒక్క లీగ్ కూడా రాలేదే మామా. మీ బార్సాకు అయిదు వచ్చినాయి గదా." పోనీ రిఫరీల సంగతి ఎత్తుదామా అంటే, మా బార్సా రిఫరీల కమిటీ ఉపాధ్యక్షుడి కంపెనీకి ఏళ్ల తరబడి కోట్లు కట్టిన వ్యవహారం మీద అక్కడ కేసు నడుస్తోంది. ఆ ముచ్చట రాగానే నాకు వంటింట్లో పని గుర్తొస్తుంది.

ఫిగో మా దగ్గర్నుంచి తమరి దగ్గరికి వచ్చినప్పుడు మావాళ్లు ఎంత మండిపడ్డారో తమరికి గుర్తుండే ఉంటుంది. 2002లో అతను కార్నర్ కొట్టడానికి వస్తే పంది తల విసిరారు. సీమవాళ్లం కోపమొస్తే సుమోలు గాల్లోకి లేపుతామని సినిమావాళ్లు చెబుతుంటారు గానీ, నిజానికి మేం వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వెళ్లిపోతాం. రెండు రోజులకు ఎవరో ఒకరు మళ్లీ చేర్చుకుంటారు.

తమరి అలక మాత్రం ముచ్చటగా ఉంటుంది. 2024 అక్టోబర్‌లో ఏడాది మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ తమరి వినీసియస్‌కు రావడం లేదని తెలిసి, పారిస్ విమానం ఎక్కకుండా క్లబ్బు మొత్తం ఇంట్లో కూర్చున్నారు. మరుసటి ఏప్రిల్‌లో మాతో స్పెయిన్ కప్పు ఫైనల్ ముందు రోజు రిఫరీలు ప్రెస్‌మీట్‌లో బాధపడి మాట్లాడారని, తమరు ప్రెస్‌మీట్ మానేశారు, ప్రాక్టీసు మానేశారు, విందుకు కూడా వెళ్లలేదు. మా పెళ్లిళ్లలో దీన్ని అలకపాన్పు అంటాం. అల్లుడు మంచం మీద అటు తిరిగి పడుకుంటే, మామ వచ్చి వాచీయో స్కూటరో ఇస్తానంటే లేస్తాడు. తమరికి మామ ఎవరో అర్థం కావడం లేదు. ఆ ఫైనల్ మేమే 3-2తో గెలిచాం, ఇది ఊరికే గుర్తుచేస్తున్నా.

2021 ఏప్రిల్‌లో పెద్ద క్లబ్బులన్నీ కలిసి వేరే టోర్నీ పెట్టుకుంటాం, సూపర్ లీగ్ అన్నారు చూడండి, అప్పుడు మాత్రం నిజంగా కడుపు మండింది. పెళ్లి భోజనాల్లో పన్నెండు మంది పెద్దమనుషులు ఆకులు పట్టుకుని వెళ్లి వేరే గదిలో పంక్తి వేసుకున్నట్టు. పైగా ఇదంతా పెళ్లిని కాపాడటానికే అని పెరెజ్‌గారు సెలవిచ్చారు. ఇంగ్లండ్ జనం రోడ్డెక్కేసరికి రెండు రోజుల్లో విస్తళ్లు లేచాయి. అందరూ పారిపోయినా తమరి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చెయ్యి కడుక్కోకుండా ఉన్నది ఎవరో చెప్పను. మావాళ్ల ఎర్రనీలం చారల చొక్కా.

తమరి సొంత జనం కూడా తక్కువవాళ్లు కాదు. బెర్నబ్యూలో తమరి గ్యారెత్ బేల్ బంతి ముట్టుకోగానే స్టేడియమంతా ఈలలు వేస్తుంటే మొదటిసారి విన్నా. అబ్బ, ఎంత అభిమానమో అనుకున్నా. మా థియేటర్లలో హీరో దిగితే అట్లాగే వేస్తారు మరి. అక్కడ ఈల అంటే తిట్టని తెలిసేసరికి సీజన్ అయిపోయింది. తమరి పాత గోల్‌కీపర్ కాసియాస్ అంతటివాడికే వేశారట. మాకు పని తగ్గించినందుకు వాళ్లకు ధన్యవాదాలు.

వీటన్నింటిలో నన్ను ఓడించింది ఒకటే. 1979లో గిహోన్ ఊరి జనం, రిఫరీ మీద మండిపడి తమరిని ఎగతాళి చేస్తూ ఒక పాట కట్టారట. 'ఇట్లా, ఇట్లా, ఇట్లా గెలుస్తుంది మాడ్రిడ్' అని. ఎవరికైనా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మాట అది. తమరి వాళ్లేం చేశారు? దాన్నే ఎత్తుకుని, గెలిచినప్పుడల్లా వాళ్లే పాడుకోవడం మొదలుపెట్టారు. తిట్టినవాడి తిట్టును నగ చేయించుకుని మెడలో వేసుకునేవాణ్ణి ఇంకేమని తిట్టాలి? నాకు తెలిసిన బూతులన్నీ వృథా అయ్యాయి మహారాజా, మా సీమలో వాటికి కరువు లేదని తమరు గమనించాలి.

చివరగా ఒక ఫిర్యాదు. మొన్న మేనల్లుడు తమరి జెర్సీ ఒకటి కొనుక్కొచ్చి, అది వేసుకుని గ్రౌండులో ఆడొచ్చాడు. అనంతపురం ఎర్రమట్టికి తెల్లచొక్కా ఏం నిలుస్తుంది? మా అమ్మ రెండు పూటలు నానబెట్టి, రుద్ది, చివర్లో నీలిమందు ఒక మూత ఎక్కువ పోసింది. ఆరేసరికి లేత నీలం.

"అవ్వా, మాంచెస్టర్ సిటీ చొక్కా అయిపోయింది గదవ్వా!"

"ఏ సిటీ అయితేనేంరా, మట్టి పోయింది గదా."

సాయంత్రం ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు చినుకులు మొదలయ్యాయి. మా ఊళ్లో వాన పడటమే అరుదు, పడినా బట్టలు తీగ మీదున్నప్పుడే పడాలి. మిద్దె మీదికి పరుగెత్తి అన్నీ తీశా. దాన్ని వదిలేసి నాలుగు మెట్లు దిగా. మళ్లీ ఎక్కి తెచ్చా. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి, గ్రూపులో తెలిస్తే నన్ను మళ్లీ చేర్చుకోరు.

ఇట్లు,
తమరి ఓటమి కోరే
అనంతపురం వాసి

తా.క.: ఆ చొక్కా రియల్ కాదు, డూప్లికేటు. సంతలో బేరమాడి తెచ్చాడు. తమరికి ఒక్క పైసా రాలేదు.