ఇంటి దొంగకు పీ53 కాపలా

మన జన్యుక్రమంలో ప్రొటీన్లు తయారుచేసే భాగం రెండు శాతం కూడా లేదు. దాదాపు సగం మాత్రం జన్యుక్రమంలో ఒకచోటి నుంచి మరోచోటికి దూకే డీఎన్ఏ, లేదా ఒకప్పుడు దూకి ఇప్పుడు చచ్చుబడిన దాని అవశేషాలు. 1940ల్లో మొక్కజొన్న గింజల రంగులు పరిశీలిస్తూ శాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ డీఎన్ఏ ఇలా దూకుతుందని పసిగట్టారు. నోబెల్ 1983లో గానీ రాలేదు. మనిషిలో ఇప్పటికీ సొంత బలంతో దూకగలిగేది లైన్-1 అనే డీఎన్ఏ వరుస ఒక్కటే. సుమారు 5 లక్షల ప్రతుల్లో చాలావరకు తెగిన ముక్కలే. చురుగ్గా ఉన్నవి 80 నుంచి 100. కొంప ముంచడానికి అవే ఎక్కువ.

సుమారు 6,000 డీఎన్ఏ అక్షరాల లైన్-1 ముందు ఆర్ఎన్ఏగా నకలవుతుంది. అది కేంద్రకం దాటి బయటికొచ్చి రెండు ప్రొటీన్లు చేయించుకుంటుంది. ఓఆర్ఎఫ్1 ఆ ఆర్ఎన్ఏను చుట్టుకుని ఉంటుంది. ఓఆర్ఎఫ్2కు రెండు పనులు: డీఎన్ఏను కోయడం, ఆర్ఎన్ఏను తిరిగి డీఎన్ఏగా రాయడం. అన్నీ కలిసి కేంద్రకంలోకి చొరబడతాయి. ఓఆర్ఎఫ్2 ఒక పోగును కోసి, ఆ కోత అంచు నుంచే కొత్త ప్రతి రాస్తుంది. చాలాసార్లు ప్రతి పూర్తికాక ముక్కే అతుక్కుంటుంది. ఏ ప్రతీ అతుక్కోకుండా మిగిలిపోయే కోతలూ ఉంటాయి. 1992లో ఒక పెద్దపేగు కణితిలో ఏపీసీ అనే ట్యూమర్ సప్రెసర్ (కణితి రాకుండా అడ్డుకునే) జన్యువు మధ్యలో ఇలాంటి ముక్కే దొరికింది. అదే రోగి ఆరోగ్యకర కణజాలంలో అది లేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కణం మాత్రం పట్టుకుంటుంది. డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద అణచివేత గుర్తులు దాని తాళాలు. ఆర్‌బీ అనే ట్యూమర్ సప్రెసర్ ప్రొటీన్ కూడా లైన్-1 లాంటి పునరావృత భాగాలను మూసి ఉంచడంలో పాలుపంచుకుంటుంది. కేన్సర్ రాకుండా కాపాడే మరో ప్రొటీన్ పీ53ని మాత్రం చాలాకాలం డీఎన్ఏ దెబ్బతిన్నాక వచ్చే పోలీసుగానే చూశాం. 2016లో ఈగలు, జీబ్రా చేపల్లోనూ, 2020లో మానవ కణాల్లోనూ వెలువడ్డ ఫలితాలు ఆ బొమ్మను మార్చాయి. పీ53 నేరుగా లైన్-1 ఆరంభ భాగం మీద కూర్చుని, అక్కడ అణచివేత గుర్తులు పడేలా చూస్తుంది. కొన్ని పరిస్థితుల్లో అదే చోట పీ53 లైన్-1ను మేల్కొలుపుతుందని 2009లో ఒక పరిశోధన చూపింది. దాన్ని పక్కకు నెట్టకూడదు. కణం రకాన్ని బట్టి, ఒత్తిడిని బట్టి ఫలితం మారవచ్చు.

నా ఉద్దేశంలో లైన్-1కు తాళం వేయడం, దెబ్బతిన్న కణాన్ని చంపడం పీ53కి రెండు వేర్వేరు ఉద్యోగాలు కావు. తాళం పగిలితే అదే కాపలాదారు రెండో అంచెకు దిగుతాడు. మామూలు కణంలో ఎండీఎం2 అనే ప్రొటీన్ పీ53ని నిమిషాల వ్యవధిలోనే నాశనానికి పంపుతుంటుంది. డీఎన్ఏలో కోతలు పెరగగానే ఏటీఎం, సీహెచ్‌కే2 అనే కైనేజ్ ఎంజైమ్‌లు పీ53కి ఫాస్ఫేట్ తగిలించి ఆ పట్టు విడిపిస్తాయి. పీ53 పోగవుతుంది. ముందు పీ21 అనే ప్రొటీన్‌తో కణ విభజన ఆపి, మరమ్మతుకు గడువిస్తుంది. దెబ్బ మానకపోతే ప్యూమా, నోక్సా అనే ప్రొటీన్లు రంగంలోకి వచ్చి, కణం చావకుండా ఆపే బీసీఎల్-2 లాంటి ప్రొటీన్ల అడ్డును తొలగిస్తాయి. దాంతో బ్యాక్స్, బ్యాక్ అనే ప్రొటీన్లు మైటోకాండ్రియా పొరకు రంధ్రాలు చేస్తాయి. అక్కడి నుంచి బయటపడ్డ సైటోక్రోమ్-సీ, ఏపాఫ్-1 ప్రొటీన్‌తో కలిసి కాస్పేస్-9ని లేపుతుంది, అది కణంలోని ప్రొటీన్లను కోసే కాస్పేస్-3 ఎంజైమ్‌ను లేపుతుంది. అక్కడితో కణం కథ ముగుస్తుంది.

పీ53 పోతే ఈ రెండంచెలూ ఒకేసారి కూలతాయి. 2020లో 2,954 కేన్సర్ జన్యుక్రమాలను జల్లెడ పట్టిన అంతర్జాతీయ విశ్లేషణలో సుమారు 35 శాతం కణితుల్లో దూకే డీఎన్ఏ కొత్తచోట్ల అతుక్కున్న గుర్తులు కనిపించాయి. అన్నవాహిక, తల-మెడ, పెద్దపేగు కేన్సర్లలో ఇవి ఎక్కువ. కొన్నిచోట్ల ఒక్క దూకుడే లక్షల అక్షరాల మేర క్రోమోజోమ్‌ను కత్తిరించి, దాంతోపాటు మరో ట్యూమర్ సప్రెసర్ జన్యువునూ లేపేసింది.

కేన్సర్ రోగుల మామూలు జన్యు పరీక్ష రిపోర్టుల్లో ఇదేదీ ఎందుకు కనిపించదు? యంత్రం ఒకసారి చదివే 150 అక్షరాల పొట్టి ముక్క (రీడ్) లక్షల ప్రతుల్లో దేనికి చెందిందో తేల్చలేక చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని పక్కన పడేస్తాయి. ఎంచుకున్న జన్యువులనే చదివే జీన్ ప్యానెల్, పీ53ని తయారుచేసే టీపీ53 జన్యువులోని అక్షర దోషాన్ని చూపుతుంది, దాని వెనక లేచిన లైన్-1ను చూపదు. కణజాలంలో ఓఆర్ఎఫ్1కు రంగు పరీక్ష (ప్రొటీన్ ఉన్నచోట రంగు తేలే పరీక్ష) చేయడం సాధ్యమే. పీ53 రంగు పరీక్షలోనూ ఒక మెలిక ఉంది: కణితి అంతటా ముదురు రంగు ఎంత అనుమానాస్పదమో, కణితి కణాల్లో రంగే లేకపోవడమూ అంతే. మొదటిది సాధారణంగా చెడిన ప్రొటీన్ పేరుకున్నందువల్ల, రెండోది ప్రొటీనే తయారుకానందువల్ల.

ఇక చికిత్స. హెచ్ఐవీకి వాడే లామివుడిన్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను, అంటే ఓఆర్ఎఫ్2 లాగా ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. హైదరాబాద్ కంపెనీలు ఏళ్లుగా తయారుచేస్తున్న చవక మందు ఇది. వ్యాపించిన పెద్దపేగు కేన్సర్‌లో దాన్ని ఒంటరిగా ఇచ్చిన రెండో దశ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. 32 మందిలో 9 మందికి మేలు కనిపించింది. దీన్ని నమ్మి ఎవరూ సొంతంగా మాత్రలు మింగకూడదు. గుర్తించని హెపటైటిస్-బి ఉన్నవారు ఈ మందు ఆపేస్తే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు. పైగా ఇది రాతను ఆపుతుందే గానీ ఓఆర్ఎఫ్2 కోతను ఆపదు. ఆ 9 మంది కణితుల్లో మిగతా 23 మందిలో లేనిదేమిటో తేలాలంటే, తదుపరి ట్రయల్స్‌లో రోగుల్ని చేర్చుకునేటప్పుడే పీ53 స్థితితోపాటు ఓఆర్ఎఫ్1 రంగు పరీక్ష కూడా చేసి నమోదుచేయాలి.